పాతగుడ్డలు అడిగే సంచి

"అమ్మాయ్, పాతగుడ్డలు ఇంకా పెట్టలేదు," అంది సంచి.

"వెతుకుతున్నా పెద్దమ్మా," అంది వకుళ, అన్నంలో పప్పు కలుపుకుంటూ.

పచ్చి అబద్ధం. అమ్మ కట్టి విడిచిన నేతచీర, ఉతికి ఉతికి మెత్తబడ్డది, బియ్యం డబ్బాలో భద్రంగా ఉంది. దాచింది వకుళే.

కుజగ్రహం మీద ఎర్రవాడలో గర్భిణికి ఎనిమిదో నెల రాగానే ఆరోగ్యశాఖ ఒక సంచి పంపుతుంది. దాని పేరు సంసిద్ధిని. పేరుకే సంచి గానీ లోపల సెన్సర్లు, బుల్లి నేతయంత్రం, మాట్లాడే కంప్యూటర్ అన్నీ ఉంటాయి. తల్లి నాడి చూసి, బిడ్డ బరువు అంచనా కట్టి, చొక్కాలూ టోపీ తనే నేస్తుంది. నేయలేనివి అడిగి పెట్టించుకుంటుంది. పసిబిడ్డకు మొదట కొత్తబట్ట చుట్టకూడదన్న మన పట్టింపును కూడా ఈ సంచిని కనిపెట్టినావిడ వదల్లేదు. అన్నీ సమకూరగానే సంచి తనంతట తనే మూసుకుని, లోపలి సూక్ష్మజీవులను చంపేస్తుంది. ఇక నోరు మెదపదు. కరెంటంతా శుభ్రతకే సరిపోతుందని ఆరోగ్యశాఖ మాట. సీలు పడని సంచితో మాత్రం పురిటిగది గడప దాటనివ్వరు. బయటి ఎర్రధూళి ఒక్క రేణువు చాలు, పసిప్రాణానికి ముప్పు.

ఇదంతా వకుళకు తెలియక కాదు. భర్త నరహరి ధ్రువం దగ్గర మంచు గనుల్లో ఉన్నాడు. ధూళి తుఫాను లేచి, ఫోన్లు తెగిపోయి నెల దాటింది. తిన్నావా, పడుకున్నావా, కాళ్ళు వాచాయా అని అడిగే గొంతు ఇంట్లో ఈ సంచిదొక్కటే.

ఆ మధ్యాహ్నం తలుపు తట్టింది ఎవరో కాదు, సంసిద్ధినిని తయారుచేసిన శాస్త్రవేత్త కామాక్షి.

"మీ సంచి ఇంకా మూసుకోలేదమ్మా. యంత్రంలో ఏదైనా లోపమేమోనని వచ్చాను."

వకుళ మంచినీళ్ళిచ్చింది. కామాక్షి సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ తర్వాత సరిగా మూతపడని బియ్యం డబ్బా వైపు చూసింది. చీరకొంగు బయటికి వేలాడుతోంది.

వకుళకు దొంగతనం బయటపడ్డట్టయింది. ఏడుపు ఆగలేదు.

"ఇది నోరు మూసుకుంటే నన్ను పలకరించే దిక్కెవరండీ?"

కామాక్షి కోప్పడలేదు. "మీ ఒక్కరిదే కాదు తల్లీ. ఈ వాడలో నొప్పులు ముంచుకొచ్చేదాకా ఏ సంచీ మూసుకోదు. ఒకావిడ నడికట్టు దాస్తుంది, ఒకావిడ దువ్వెన. నేను ఇల్లిల్లూ తిరిగి యంత్రాన్ని బాగుచేస్తున్నానని అనుకుంటారు అందరూ."

"మూసుకున్నాక కూడా మాట్లాడేట్టు చెయ్యొచ్చుగా?"

"చెయ్యొచ్చు. కరెంటు మాట వట్టిది. సంచి ఊరుకుంటే మనుషులొస్తారు కదా అని నేనే మాట ఆపించాను." కామాక్షి గ్లాసు కింద పెట్టింది. "రాలేదు."

వకుళ ఏదో అనబోయి, నడుం పట్టుకుని గోడకు ఒరిగింది.

"అమ్మాయ్, నొప్పులు మొదలయ్యాయి," అంది సంచి. "పాతగుడ్డలు."

వకుళ డబ్బా లోంచి చీర తీసింది. ఒకసారి ముఖానికి ఆనించుకుని, మడిచి, సంచిలో పెట్టింది.

"వెళ్ళిరా అమ్మాయ్, ఏం భయం లేదు," అంది సంచి. క్లిక్‌మని మూసుకుంది. ఆ తర్వాత ఇంట్లో గాలియంత్రం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

కామాక్షి ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో వకుళను పట్టుకుని ఆస్పత్రి బండి ఎక్కించింది. తనూ ఎక్కింది.

"మీరెందుకండీ? మీ ఇంట్లో ఎదురుచూడరూ?"

"మావాడికి పద్నాలుగేళ్ళు. గది తలుపేసుకుంటే అన్నానికి పిలిచినా పలకడు." కామాక్షి కిటికీ లోంచి ఎర్రమట్టి చూస్తూ చెప్పింది. "ఇంకోటుందిలే. నేను చేసిన మొట్టమొదటి సంచి. వాడి పురుడప్పుడు సీలు నియమం లేదు. అది ఇప్పటికీ పొద్దున్నే పాతగుడ్డలు పెట్టలేదని అడుగుతుంది. వెతుకుతున్నానని చెబుతుంటాను."

ఇంతలో వకుళకు రెండో నొప్పి తన్నుకొచ్చింది. కళ్ళు మూసుకుని, అలవాటు కొద్దీ, "పెద్దమ్మా!" అంది.

ఒళ్ళో సంచి పలకలేదు.

"ఆఁ, ఇక్కడే ఉన్నానే," అంది కామాక్షి.