నాలుగో ఉత్తరం రాకముందే

లిఫ్టు మూడో అంతస్తు దాటింది. కవరు చేతులు మారడానికి ఇంకా రెండు నిమిషాలు.

మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ డేగ, పక్కనున్న కోడ్ రూమ్ ఆఫీసర్ చేతిలోకి చూసి గతుక్కుమన్నాడు. తను ఆమెకిచ్చిన నకిలీ కవరుకి సీలు లేదు. దీనికి ఎర్ర లక్క సీలుంది.

"ఒరిజినల్ తెచ్చారా మేడమ్! ఇలా ఇవ్వండి."

"ఇవ్వను." ఆమె వెనక్కి జరిగింది. "నకిలీదని కనిపెడితే మా తమ్ముడి బతుకేం కాను? ఎత్తుకుని పెంచాను వాణ్ణి."

మూడు వారాల్లో మూడు ఉత్తరాలు. నేవీ కోడ్ తెచ్చివ్వకపోతే, ఆమె తమ్ముడు దొంగ కంటిపరీక్ష సర్టిఫికెట్‌తో పైలట్ అయ్యాడని బయటపెడతారట. ఆ కోడ్ చేజారితే, సముద్రంలో ఉన్న పదకొండు ఓడల్ని శత్రువు అరచేతిలో పెట్టినట్టే.

"అతని తప్పు వేరే కేసు. దాన్ని అడ్డుపెట్టుకుని బెదిరించడం ఇంకో నేరం. రాసింది నిజమైనా సరే, రాసినవాడు జైలుకే."

"మీకది కేసు. నాకు వాడొక్కడే."

తలుపులు తెరుచుకున్నాయి. టెర్రస్ మీద ఎర్ర కోటు, నల్ల కళ్లద్దాలు. నెమలి. కోడ్ కోసం బెదిరిస్తున్న ముఠా దగ్గరా, డేగ డిపార్ట్‌మెంట్‌లోనూ రెండు జీతాలు తీసుకునే డబుల్ ఏజెంట్. ఈ పూట ఏ జీతానికి పనిచేస్తుందో డేగకి తెలియదు. ఉత్తరాలు రాసేవాడి మొహం ఆమె కూడా ఎరగదు. ఆమె దగ్గరున్నది ఒక ఫోన్ నంబరే.

"లిఫ్టు బాగయిందా?" నెమలి కోడ్ మాట పలికింది.

"కేబుల్ మార్చాలి," అన్నాడు డేగ. అతని చెయ్యి టూల్ బ్యాగ్‌లో పిస్టల్ మీద ఉంది.

నెమలి ఒక చేత్తో కవరు అంచు పట్టుకుని, రెండో చేత్తో స్పీకర్ నొక్కింది.

"వచ్చింది."

"సీలు చూశారా?" అవతలి గొంతు కులాసాగా ఉంది. "ఏడ్చిందా? కాస్త మెత్తది లెండి. ఇంకో ఉత్తరం పడేస్తే మిగతా ఫైళ్లు కూడా మోసుకొస్తుంది."

ఆఫీసర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె నెమలి వేళ్ల మధ్య నుంచి కవరు విసురుగా లాక్కుంది.

నెమలి ఫోన్ కట్ చేసి నిట్టూర్చింది. "నాకొక జీతం తగ్గింది."

డేగ పిస్టల్ వదిలి నోట్‌బుక్ తీశాడు. "గొంతు పోల్చారు కదూ? ఫిర్యాదు మీరే ఇవ్వాలి మేడమ్. ఎవరి మీద?"

ఆమె రెండుసార్లు నోరు తెరిచింది. మూడోసారికి మాట బయటికొచ్చింది.

"మా తమ్ముడు."