మిణుగురు చేతిలో కర్ర

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసులు ఇంకా కడగనే లేదు, కూతురు తండ్రిని హాలు మధ్యలో నిలబెట్టింది. కుర్చీలు గోడకు జరిపింది. కిటికీ తెర తీసింది. నాలుగు పుస్తకాలు పేర్చి వాటికి ఫోను ఆనించింది.

"వంగండి నాన్నా. ఇంకా. నడుం విరిగినట్టు."

ఆయన వంగాడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు దుకాణాలకు బోర్డులు రాశాడు. వీధిలో ఎవరికీ ఆయన పేరు తెలియదు, పెయింటర్ అంటే చాలు. అచ్చు బోర్డులొచ్చి చేతిరాతను మింగేశాక నిచ్చెన ఎవరికో ఇచ్చేసి, భార్యతో కూతురి ఇంటికి వచ్చాడు. మూడో అంతస్తు, రెండు గదులు. కుంచెలు ఎండిపోయాయి. ఒక్క కర్ర మిగిలింది. రాసేటప్పుడు మణికట్టు కదలకుండా ఆన్చుకునే కర్ర అది, రెండు మూరలుంటుంది, కొసన గుడ్డ చుట్టిన ఉండ.

కూతురు బొమ్మల కథలు తీసే కంపెనీలో గీతల పని చేస్తుంది. చుక్కల మధ్య ఓడల్లో తిరిగే యోధురాలు మిణుగురు కథ ప్రతి ఆదివారం పదింటికి టీవీలో వస్తుంది. ఆ మిణుగురును మొదటి నుంచీ గీసేది ఈమే. ఆ పనికో పద్ధతుంది. బొమ్మ ఎలా కదలాలో ముందు మనిషి చేసి చూపించాలి. అది ఫోనులో తీసి, చూస్తూ ఒక్కొక్క గీతగా దించాలి. మిణుగురుకు ఆమే చేస్తుంది. మిణుగురును పెంచిన కర్రగురువుకు తండ్రి చేత చేయిస్తుంది.

ఇవాళేం చెయ్యాలని ఆయన అడిగాడు.

"మోకాళ్ళ మీద పడాలి. చెయ్యి చాపి పిలవాలి. ఎవరూ రారు."

ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు. కీళ్ళు పాత తలుపులా కిర్రుమన్నాయి. నేల చల్లగా ఉంటుంది, చాపైనా వెయ్యవే అని వంటింట్లోంచి భార్య అంది. ఆ గ్రహం మీద చాపలుండవమ్మా అంది కూతురు. పదకొండు సార్లు చేయించింది. పన్నెండోసారి ఆయనే లేవలేకపోయాడు.

మనవరాలు సోఫా మీద బోర్లా పడుకుని చూస్తోంది. తొమ్మిదేళ్ళది. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. "తాతయ్య భలే యాక్టరు," అంది. "నిజంగా దుర్మార్గుడిలాగే ఉన్నాడు."

కూతురు ఫోను ఆపుతూ తండ్రి మొహంలోకి చూసింది. "తాతయ్యకు నేర్పక్కర్లేదు," అంది.

మొదటి భాగంలో మిణుగురు ఏడేళ్ళ పిల్ల. ఊరంత గ్రహం పేలిపోతే ఓడ ఇంజను గదిలో ఎలకలా దాక్కుంటుంది. కర్రగురువు చెవి పట్టుకుని బయటికి లాగి యుద్ధం నేర్పుతాడు. గురి తప్పితే కర్రను తొడకు ఒకసారి తుడిచి, వేళ్ళ కణుపుల మీద దెబ్బ. రెండో భాగంలో ఆమె ఓడ నడుపుతుంది. మూడో దాంట్లో స్నేహితురాలిని పోగొట్టుకుని ఏడవడం మానేస్తుంది. నాలుగో దాంట్లో వంద ఓడలకు అధిపతి. ఇప్పుడు ఐదో భాగం సగం వచ్చింది. మిణుగురు పెద్దదైంది, ఆమె కిందా చిన్నపిల్లలు యుద్ధం నేర్చుకుంటున్నారు.

మొదటి భాగం వచ్చిన రోజుల్లో పెయింటర్ కింద టీకొట్టు దగ్గర ఛాతీ విరుచుకుని చెప్పుకున్నాడు. ఆ గురువు నేనే, మా అమ్మాయి నన్ను చూసే గీసింది, గురువు లేకుండా యోధురాలు ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది అన్నాడు. కూతురు తనకు గుడి కట్టిందనే అనుకున్నాడు. ఒక ఆదివారం కర్రగురువు చిన్న మిణుగురు గీసిన ఓడదారి పటం చూసి, "ఇది గీతా, వానపామా?" అన్నాడు. ఆ మాట ఆయనది. కూతురికి ఎనిమిదేళ్ళప్పుడు అక్షరాలు నేర్పుతూ అన్నది. ఆ తర్వాత పడిన దెబ్బా ఆయనదే. పక్కన కూర్చున్న పిడుగు, మా క్లాసులో అందరం ఈ ముసలాడు చావాలనే చూస్తున్నాం తాతయ్యా అంది. ఆయన మళ్ళీ టీకొట్టు దగ్గర ఆ ఊసెత్తలేదు. పిల్లకు మాత్రం తెలియకపోతే చాలనుకున్నాడు. ఈ ఇంట్లో ఆయన్ను చూసి నవ్వే మొహం అదొక్కటే.

మధ్యాహ్నం పిడుగు పడుకున్నాక ఆయన కూతురి బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆ గురువును చివరికేం చేస్తున్నావమ్మా అని అడిగాడు. ఆమె తలెత్తకుండానే చెప్పింది. ఓడ పాడై ఏమీ మొలవని గ్రహం మీద పడతాడట. కళ్ళు కనిపించవట. మిణుగురు ఓడ పైనుంచి వెళ్తుంటే చప్పుడు విని పిలుస్తాడట. ఆమె వింటుందట. ఓడ తిప్పుకుని వెళ్ళిపోతుందట.

"చంపెయ్యమ్మా," అన్నాడు ఆయన. "ఒక్క దెబ్బకు పోతాడు. వదిలెయ్యకు."

"ఎందుకు?"

"చస్తే పిల్ల కాస్తన్నా జాలిపడుతుంది. వదిలేస్తే చప్పట్లు కొడుతుంది."

"కొట్టనివ్వండి." ఆమె పెన్ను బల్ల మీద పెట్టింది. "ఇంకోటి కూడా వినండి. ఆఖరి ఆదివారం కథ అయిపోయాక, కర్రగురువు ఎవరో దానికి నేనే చెప్తాను. అప్పటిదాకా మీరు మంచి తాతయ్యే."

ఆయన వెనక్కి తిరిగాడు. పోతూ పోతూ, అప్పుడు నేను కొట్టకపోతే ఇవాళ నీకీ చెయ్యి ఎక్కడిది అన్నాడు. ఆమె కుడిచెయ్యి పైకెత్తి చూపించింది. చూపుడువేలి కణుపు వంకరగా అతుక్కుని ఉంది. ఈ వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు, మీరిచ్చింది ఇదే అంది.

సాయంత్రం పిల్లకు గీతల పాఠం. రోజూ ఉండేదే. కాగితం నిండా చేత్తోనే వంద సున్నాలు చుట్టాలి. తల్లి పక్కన స్టీలు స్కేలు పట్టుకుని కూర్చుంటుంది. ఆయన రోజూ ఆ వేళకు బాల్కనీలోకి వెళ్ళిపోయేవాడు. ఇవాళ మోకాళ్ళు సహకరించక సోఫాలోనే ఉండిపోయాడు.

నలభయ్యో సున్నా దగ్గర పిల్ల చెయ్యి వంకరపోయింది.

"ఇది సున్నానా, నలిగిన టమాటానా?" అంది తల్లి.

స్కేలును తొడకు ఒకసారి తుడిచింది. పిడుగు పెన్సిలు వదిలేసింది. రెండు చేతులూ చంకల్లో దూర్చేసుకుంది. ఎవరూ చెప్పకుండానే, తలుపు దానంతటదే మూసుకున్నట్టు.

పెయింటర్ అది చూశాడు. ఆయనకు కలిగింది జాలి కాదు. చేతికి ఆయుధం దొరికిన సంతోషం.

"కర్రను నేనెందుకు తుడిచేవాణ్ణో తెలుసా?" అన్నాడు కూతురితో. "కర్రకు పచ్చిరంగు ఉండేది. నీ గౌనుకు మరకవుతుందని తుడిచి మరీ కొట్టేవాణ్ణి. నీ స్కేలుకు ఏ రంగుందని తుడుస్తున్నావు?"

కూతురు స్కేలు వైపు చూసింది. తొడ వైపు చూసింది. తానేమీ తుడవలేదంది.

"తుడిచావమ్మా," అంది పిడుగు, సాయం చేస్తున్నట్టు. "రోజూ తుడుస్తావు. టీవీలో మిణుగురు కూడా ఇప్పుడు కర్రగురువులాగే తుడుస్తోంది కదా. మా క్లాసులో అందరం కనిపెట్టాం. చివరికి చెడ్డదైపోతుందని పందెం కూడా వేసుకున్నాం."

ఆమె ఫోను తీసింది. తనను తాను తీసుకున్నవన్నీ చూసింది. పెద్ద మిణుగురుగా కర్ర అందుకున్నది, పిల్లల వరస ముందు నడిచినది, తిరిగి చూసినది. అన్నిట్లోనూ చెయ్యి తొడ మీదికి పోతోంది. ఏడు చోట్ల. వాటిని ఒక్కొక్క గీతగా దించింది తనే. నెలల తరబడి ఆ గీతల మీద కళ్ళు మండేలా కూర్చుంది తనే. ఒక్కసారీ కనిపించలేదు.

"నేను దాన్ని కొట్టలేదు," అంది చివరికి. "మీరు కొట్టారు. నేను బల్ల మీద కొడతాను. అంతే."

"అవును తాతయ్యా, కొట్టలేదు," అంది పిడుగు. "రెండుసార్లే. అదీ గట్టిగా కాదు."

కుక్కరు కూత పెట్టి ఆగింది. వంటింటి గుమ్మంలోకి అమ్మమ్మ వచ్చి నిలబడింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ సంగతి మీద నోరు విప్పని మనిషి. తడిచేతులు తుడుచుకుంటూ మనవరాలి చంకల వైపే చూస్తోంది.

"నువ్వూ అక్కడే దాచుకునేదానివే," అంది కూతురితో. "అచ్చం అలాగే. దాచుకుంటే ఆయనకు ఇంకా కోపమొస్తుంది, నాలుగు ఎక్కువ పడతాయని నేనే వచ్చి లాగి బయటపెట్టేదాన్ని. ఆ వేలు విరిగిన రోజున నీ మణికట్టు పట్టుకున్నది నేను."

కూతురు తల్లి వంక అలాగే చూసింది. "నువ్వు అడ్డు రాలేదని మాత్రమే అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ," అంది. ఆమె చేతిలోంచి స్కేలు జారి నేల మీద మోగింది. ఆ చప్పుడుకు నలుగురూ ఉలిక్కిపడ్డారు.

పెయింటర్ మొహంలో గెలుపు ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. పిల్ల చేతులు ఇంకా చంకల్లోనే ఉన్నాయి. ఆయన సోఫా చేయి పట్టుకుని లేచి, దాని కుర్చీ ముందు నేల మీద కూలబడ్డాడు. పొద్దున పదకొండు సార్లు చేసిందే, కాకపోతే ఇప్పుడు ఎవరూ చెయ్యమనలేదు.

"పిడుగూ, నేను యాక్టర్ని కాదే. కర్రగురువు నేనే. ఆ మిణుగురు మీ అమ్మ. ఆ వేలు విరగ్గొట్టింది నేను."

పిల్ల చాలాసేపు ఆయన మొహం చూసింది. ఏదన్నా నవ్వు వస్తుందేమోనని చూసింది. రాలేదు. కుర్చీ దిగి, ఆయన్ను తాకకుండా చుట్టూ తిరిగి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆయన లేవలేదు. కిందనుంచే కూతురితో అన్నాడు. "నువ్వు చెప్తానన్నది నేనే చెప్పేశాను. ఇక నన్ను ఆ గ్రహం మీదే వదిలెయ్. చంపక్కర్లేదు. ఆ మిణుగురు చేతిలో కర్ర మాత్రం తీసెయ్యమ్మా."

"సగం గీసేశాను నాన్నా. జనం చూసేశారు కూడా."

"వచ్చినవి వచ్చాయి. రానివి చెరుపు. పెయింటరన్నవాడు రాసినదానికన్నా చెరిపిందే ఎక్కువ."

ఆమె ఏడ్చింది. చప్పుడు లేకుండా, చిన్నప్పుడు అలవాటైనట్టే.

మరుసటి వారం ఆమె తండ్రి కర్రే తీసుకుని ఫోను ముందు నిలబడింది. మిణుగురు పిల్లల ముందు కర్రను దుమ్ములో పడేసి వెళ్ళాలి. రెండు క్షణాల పని. కర్ర చేతిలోకి రాగానే చెయ్యి తొడ మీదికి పోయేది. చెరిపేసి మళ్ళీ. పద్నాలుగోసారికి చెయ్యి తొడ దాకా వచ్చి, ఆగి, వెనక్కి పోయింది. ఆమె ఆ ఆగడాన్నే గీసింది. స్టీలు స్కేలు ఎక్కడ పారేసిందో ఎవరూ అడగలేదు. వంద సున్నాల పాఠం మళ్ళీ జరగలేదు. పిడుగు పెన్సిలు ముట్టుకోవడమే మానేసింది.

తాతయ్యతో మాట్లాడటం కూడా మానేసింది. అన్నం దగ్గర చివరి కుర్చీకి మారింది. ఆయన వస్తుంటే చేతులు చంకల్లోకి పోయేవి. ఆయన అది చూసి, దారి మార్చి గోడ వారగా నడిచేవాడు. మూడు నెలలు అలాగే గడిచాయి.

ఆఖరి ఆదివారం పదింటికి అందరూ టీవీ ముందు చేరారు. చలికాలం. సోఫాలో ఒక కొసన పెయింటర్, మరో కొసన దుప్పటి కప్పుకుని పిడుగు, నడుమ ఇద్దరు పట్టేంత ఖాళీ. తెర మీద కర్రగురువు మోకాళ్ళ మీద పడ్డాడు. చెయ్యి చాపాడు. ఆ చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు ఆయనదే, కూతురు ఒక్క గీత కూడా తగ్గించలేదు. పైన ఓడ ఆగింది. మిణుగురు కిందికి దిగి వచ్చింది, వెనకాల చిన్నపిల్లలు. కర్రను తొడ దాకా తెచ్చి, ఆగి, దుమ్ములో పడేసింది. తర్వాత పిల్లలను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆయన్ను తీసుకుపోలేదు.

పిడుగు చప్పట్లు కొట్టలేదు. తెర మీద పేర్లు పోతున్నాయి. అది అటే చూస్తూ, మూడు నెలల తర్వాత ఆయనతో మొదటి మాట అంది.

"అక్కడ చలేస్తుందా తాతయ్యా?"

"వేస్తుంది," అన్నాడాయన.

కాసేపటికి దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. దుప్పటి అంచు పట్టుకుని, ఖాళీ మీదుగా లాగి, ఆయన మోకాళ్ళ మీద పడేసింది. ఆ చెయ్యి వెంటనే వెనక్కి పోలేదు.