హేమలేఖ మాట్లాడలేదు కాబట్టి

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది వీళ్ళు: రాజ్‌మా కాయలు ఒలుస్తున్న నాయనమ్మ సోములమ్మ, కప్పు కారేచోటల్లా గిన్నెలు పెడుతున్న అమ్మ, గొడుగు ఊచకి తీగ చుడుతున్న నాన్న యర్రయ్య, మంచం కింద పొదుగుతున్న కోడి, యువరాణి హేమలేఖ.

చివరావిడ సోని ఒళ్ళోని పుస్తకంలో ఉంటుంది.

హుకుంపేట సంతలో మంగ్లు కొనిచ్చిన పాత నవలిక అది. కాఫీ నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెట్టే మంగ్లుకి పుస్తకాల సంగతి తెలియదు. అట్ట మీద గుర్రం బాగుందని తెచ్చాడు. పంతొమ్మిదేళ్ళ సోనికి కూడా అంతవరకు పుస్తకమంటే ఇంటర్ సివిక్సే. రాజుల కాలపు ప్రేమకథ చదవడం ఇదే మొదలు. మూడు రోజుల్లో మనిషి మారిపోయింది. బిందె ఎత్తుకోవాలన్నా నిట్టూర్చేది. డైరీలో "ఈరోజు వాన" అని రాసుకునే పిల్ల కాస్తా "మేఘుడు విరహముతో కన్నీరు కార్చెను" అని రాయసాగింది.

"గట్టిగా సదువే గుంటా, నానూ ఇంటాను," అంది సోములమ్మ.

సోని చదివింది. మహారాజు హేమలేఖను వీరకేతుడికిచ్చి, వెంట పది ఏనుగుల మీద నగలు పంపించాడు.

నాయనమ్మ చేతులు ఆగాయి. "గుంటనీ ఇచ్చి, ఏనుగుల్నీ ఇచ్చేడా?"

"అవునే నానమ్మా."

"ఆ గుంటకేటైనా లోపముందేటి?"

"లేదే. చందమామలా ఉంటాది."

"మరైతే ఆ గుంటడు కదా ఓలి ఇచ్చి అట్టుకెళ్ళాల? ఆ రాజుకి తెలివి నేదు."

మగపెళ్ళివారే ఓలి ఇచ్చుకునే కొండల్లో ఆ రాజుని వెనకేసుకురావడం సోని వల్ల కాలేదు. ఇంతలో వాకిట్లో గొడుగులు ముడిచిన చప్పుడైంది. మంగ్లు, అతని తల్లి వరహాలు, మేనమామ గాసి లోపలికి వచ్చారు. గాసి చేతిలో జీలుగుకల్లు కుండ ఉంది. అంటే పిల్లనడగడానికి వచ్చారు.

ఆర్నెల్లుగా సోని ఎదురుచూస్తున్నది దీనికే. సంతలో మంగ్లు కనబడిన ప్రతిరోజూ డైరీలో తేదీ చుట్టూ పువ్వు గీసేది. ఆ డైరీ నిండా ఒక తోటే ఉంది.

"మా గుంటడు నీకిష్టమేనా అమ్మా? నువ్వే సెప్పాల," అన్నాడు గాసి.

అక్కడి పద్ధతి అంతే. పిల్ల తన నోటితో చెప్పాలి. చెప్పకపోతే ఇష్టం లేనట్టు, కుండ తిరిగి వెళ్ళిపోతుంది. ఆ సంగతి సోనికి తెలియక కాదు. కానీ ముప్పై నాలుగో పేజీలో ఇలాంటి వేళ హేమలేఖ తలవంచి, కాలి బొటనవేలితో నేల మీద రాసింది. సభంతా కరిగిపోయింది.

సోని తలవంచింది. పేడతో అలికిన తడి నేల మీద వేలితో రాసింది.

గాసి మళ్ళీ అడిగాడు. సోని రెప్పలు వాల్చింది. మూడోసారి అడిగాడు. సోని నిట్టూర్చింది.

గాసి కుండ తీసుకుని లేచాడు. "గుంటకి ఇష్టం నేదు బావా. బలవంతమేటుంది."

మంగ్లు ఒక్కసారి ఆమె వైపు చూశాడు. వీరకేతుడి చూపు మెరుపులా ఉంటుందట. ఇతని చూపు తడిసిన పిల్లి చూపులా ఉంది. గొడుగు తెరవడం కూడా మరిచి వానలోకి దిగిపోయాడు.

"ఆ గుంటడంటే నీకిష్టమనుకున్నానే," అన్నాడు నాన్న.

"ఇష్టమే," అంది సోని, ఏడుపు గొంతుతో.

"మరి సెప్పలేదేటి?"

"చెప్పేనుగా. కాలితో."

నాయనమ్మ వంగి నేలను చూసింది. "సాలు బాగా తీసేవు. సిలకడదుంపలు నాటుకోవచ్చు."

"నవ్వుకో అత్తా," అంది అమ్మ. "గాసన్న ఆ కుండతోనే రేపు జి.మాడుగుల ఎల్తాడట. ఆడ ఇంకో గుంట ఉందట."

సోని లేచి పరుగెత్తింది. దారిపొడవునా ఒక గొప్ప వాక్యం తయారుచేసుకుంది. అందులో "హృదయేశ్వరా" రెండుసార్లు వచ్చింది. పొంగిన గెడ్డ దాటుతుండగా ఒక చెప్పు కొట్టుకుపోయింది. దాంతోపాటే వాక్యం కూడా.

మంగ్లు ఇంటి గుమ్మంలో వరహాలు నిలబడి ఉంది. "ఏటే?"

"అత్తా, నాకు మంగ్లు ఇష్టం. పుస్తకంలో అలా ఉంటే అలా చేసేను."

పక్కింటి అరుగు మీదివాళ్ళు మెడలు చాచారు. లోపల తల తుడుచుకుంటున్న మంగ్లు తువ్వాలుతోనే వచ్చి తల్లి వెనక నిలబడ్డాడు. "ఏ పుస్తకం?"

"నువ్వు తెచ్చిందే."

అతను తల తుడుచుకోవడం ఆపాడు. "అయితే ఇందాక ఇష్టమేనా?"

"మూడుసార్లూ ఇష్టమే."

మంగ్లు ముఖం దాచుకోవడానికి తువ్వాలు చాల్లేదు. చలికి వణుకుతూ సోని గడప మీదికి కాలెత్తింది. వరహాలు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నీ అంతట నువ్వు మా గడప దాటేవంటే పెళ్ళయిపోయినట్టే. నాకున్నది ఒక్కడే గుంటడు. డప్పు కొట్టించి, పది ఊళ్ళు పిలిచి తెచ్చుకుంటాను నిన్ను."

"తడిసిపోతన్నాను అత్తా."

"తడువు. గాసి మావ కుండట్టుకుని నీ ఎనకే వస్తాడు. బేగి ఇంటికెళ్ళి కూకో. అడిగితే నోరిప్పు."

తొంగిచూస్తున్న కొడుకుని లోపలికి నెట్టి, వరహాలు నవ్వుతూ ఆమె మొహం మీదే తలుపేసింది.