జట్టులో ఝులన్

ఎల్లారెడ్డి బస్సు కామారెడ్డి దాటకముందే భీమేష్ తన జట్టును ఫోన్లో దోస్తుకు గట్టిగా చదివి వినిపించాడు. తొంభై తర్వాత ఆడినవాళ్లలో ఇండియాకు ఆల్ టైమ్ బెస్ట్ పదకొండు మంది! ఆటసామాను దుకాణంలో ఉద్యోగం. క్రికెట్టులో తనకు ఎదురులేదని నమ్మకం.

ముందు సీటు అమ్మాయి వెనక్కి తిరిగింది.

"ఏమనుకోకుండ్రి. కీపర్ ఏడి?"

"ద్రవిడ్ చేస్తడు."

"ధోనీ ఉండంగ ద్రవిడ్‌కు గా తిప్పలెందుకు? కుంబ్లేను గూడ ఇడిసిపెట్టిండ్రు. దవడ ఇరిగినా కట్టు కట్టుకొనొచ్చి లారాను ఔట్ చేసిండు. గసొంటోనికి జాగ లేదా?"

కిటికీలోంచి వాన ఆమె చెంప మీద పడుతోంది. తుడుచుకునే ధ్యాసే లేదు. భీమేష్ నోరు తెరుచుకుని విన్నాడు.

"గివన్ని ఎవలు చెప్పిండ్రు?"

"మా అవ్వ."

ఆమె పేరు సాయిలత. కామారెడ్డి బడిలో ఆటల టీచరు. ఆ వానకాలమంతా ఇద్దరూ అదే బస్సులో జట్లు కట్టారు, కొట్లాడారు. చలికాలానికి భీమేష్ ధైర్యం చేసి ఎల్లారెడ్డిలో వాళ్లింటికి వెళ్లాడు, పిల్లనడగడానికి.

సాయిలత తల్లి నాగవ్వ గడపలో బీడీలు చుడుతోంది. పాతికేళ్లుగా చేతులు ఆకు మీద, చెవులు కామెంటరీ మీద. స్టేడియం గడప మాత్రం ఒక్కసారీ తొక్కలేదు.

"నీ జట్టు చెప్పు బిడ్డా."

చెప్పాడు. ధోనీని, కుంబ్లేను చేర్చి మరీ.

"ఝులన్ ఏది? మిథాలి ఏది?"

"అవ్వా, అది ఆడోళ్ల..."

"దేశం జట్టు అన్నవ్ గద! ఆడోళ్లు దేశపోళ్లు గారా? తెల్లారకముందే రైలెక్కి పోయి బౌలింగ్ నేర్సుకున్నది ఝులన్. రెండొందల యాభై మీద వికెట్లు తీసింది. మిథాలి ఇరవై ఏండ్లు దాటి ఆడింది. గీ లెక్కలు నీ దుకాణంల దొరకయా?"

భీమేష్‌కు తెలిసొచ్చింది. ఇన్నేళ్లూ సగం దేశాన్నే చూశాడు తను. ఫోన్ తీసి, నాగవ్వ ముందే రెండు పేర్లు కొట్టేసి ఝులన్, మిథాలి పేర్లు రాశాడు.

"కెప్టెన్ ఎవలు అవ్వా?"

"మిథాలి. ఇంకెవలు!" నాగవ్వ అతణ్ణి తేరిపార చూసింది. "నా బిడ్డ ఆదివారాలు ఆడపిల్లలకు ఆట నేర్పుతది. పెండ్లయినంక?"

"నేను బంతులు ఏరుకొస్త."

తలుపు చాటున సాయిలత ఫక్కున నవ్వింది.

నాగవ్వ ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి లేచింది.

"కాళ్లు కడుక్కో అల్లుడా, బువ్వ తిందువు."