మీటర్లో పోయిన కిలోమీటర్లు

నా షాపులో కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. తుప్పు పట్టి మూలన పడున్న బండిని విప్పి, కడిగి, రంగేసి, తళతళలాడించి ముందు నిలబెడితే ఎంతటి గట్టి మనిషైనా కరిగిపోతాడు. సరిగ్గా ఆ నిమిషంలోనే బిల్లు చేతిలో పెట్టాలి. మారు మాట్లాడకుండా ఇచ్చేస్తారు.

బండిని చూసి నా మీదికి హెల్మెట్ ఎత్తింది మాత్రం ఆవిడ ఒక్కతే.

"ఇందులో అంకె ఏదీ?" అంది.

"ఏ అంకండీ?"

"మీటర్లో అంకె!"

నేను మీటరు అద్దాన్ని చొక్కా అంచుతో గర్వంగా తుడిచాను. ఐదు సున్నాలు వరసగా మెరుస్తున్నాయి. "సున్నా చేశామండీ. పూర్తిగా విప్పి కట్టిన బండికి మీటరు కూడా సున్నా చేసిస్తాం. ఇక ఇది కొత్త బండి కిందే లెక్క."

ఎత్తిన హెల్మెట్ మెల్లగా కిందికి దిగింది. ఆవిడ అక్కడే, పాత టైర్ల దొంతర మీద కూలబడిపోయింది.

బండి తెచ్చి ఇచ్చింది ఆవిడ మామగారు. మెడలో టేపు వేసుకునే వీధిలోకి వచ్చే టైలర్ మాస్టారు. కోడలికి చెప్పకుండా బాగు చేయించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు. ఇప్పుడు ఆ టేపునే వేళ్ళకి చుట్టుకుంటూ గొణిగాడు.

"మా అబ్బాయి పెళ్ళి రోజున ఆ మీటరు కొత్తగా బిగించుకున్నాడయ్యా. ఇద్దరం సున్నా నుంచి మొదలెడతాం నాన్నా అన్నాడు. వాడు పోయేనాటికి పద్దెనిమిది వేల రెండు వందల అరవై నాలుగు. ఈ పిల్ల మూడేళ్ళుగా రోజూ పట్టా ఎత్తి ఆ అంకె చూసుకుంటోంది. బండి తిరిగితే మనసు కాస్త తేలికపడుతుందనుకున్నా గానీ, నువ్వు దాన్ని చెరిపేస్తావని నాకేం తెలుసు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "దానికేముంది మాస్టారూ, అంకె చెప్పారుగా! అరగంటలో తిప్పి పెట్టేస్తాను."

ఆవిడ తలెత్తింది. "నాలుగేళ్ళు తిరిగింది అరగంటలో తిప్పేస్తారా? చాలా గొప్పవారు, సున్నాగారూ!"

ఆ పేరు నాకు అలా అంటుకుంది. ఆవిడ బండిని ట్రాలీ మీదికి ఎక్కించి తీసుకుపోయింది. ఒక్క మీటరు దూరం కూడా తిప్పనివ్వలేదు.

వ్యాపారంలో నాకో నియమం ఉంది. బండి కొనేవాడికి నచ్చితే ధర పెంచాలి, నాకే నచ్చితే వెంటనే అమ్మేయాలి. గుమ్మం దాటిన బండి గురించి ఆలోచించడం శుద్ధ నష్టం. అయినా పది రోజులపాటు ఏ బండి మీటరు ముట్టుకున్నా ఆ పాడు అంకే గుర్తొచ్చింది. పదకొండో రోజున, ఆవిడ పనిచేసే కళ్ళద్దాల షాపుకి వెళ్ళాను.

"ఆఖరి వరస చదవండి," అంది, ముఖం చూడకుండా.

"మీకింకా కోపం పోలేదు."

"అక్కడ అలా రాసి లేదు." నా ముక్కు మీది ఫ్రేములో అద్దం మార్చింది. "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

"ఇందాకటిది."

"రెండూ ఒకటే అద్దం. మీ కళ్ళకేం రోగం లేదు. ఎందుకొచ్చారు?"

నేను జేబులోంచి కాగితం తీశాను. "లెక్క వేశానండీ. రోజుకి పాతిక కిలోమీటర్లు తిరిగితే ఏడు వందల ముప్ఫై ఒక్క రోజుల్లో మీ అంకె వస్తుంది. చేత్తో తిప్పి పెడితే అది దొంగ అంకె. తిరిగి తెచ్చుకున్నది దొంగదెలా అవుతుంది? ఆఖరి రోజుకి పద్నాలుగు కిలోమీటర్లే మిగులుతాయి."

పద్నాలుగు అనగానే అద్దం పట్టుకున్న చెయ్యి ఆగింది. ఎందుకో నాకప్పుడు తెలియదు.

"ఎవరు తిరుగుతారు?"

"మీరే. నేను నేర్పిస్తాను."

"మీకేమిటి లాభం?"

"చేసిన నష్టం పూడ్చుకోవడం కూడా లాభమేనండీ."

అద్దాన్ని పెట్టెలో పెట్టేసింది. "అంకె వచ్చిన రోజు బండి మళ్ళీ మెట్ల కిందికి వెళ్ళిపోతుంది. పట్టా కప్పేస్తాను. ఆ తర్వాత మీరు మా వీధిలోకి రాకూడదు. సరేనా?"

"సరే," అన్నాను. ముందూ వెనకా చూసుకోకుండా నేను ఒప్పుకున్న బేరం అదొక్కటే.

మొదటి నెలంతా కిక్ కొట్టలేక ఆవిడా, వెనక సీటు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నేనూ.

"క్లచ్! క్లచ్ అండీ!"

"అరవకండి. అరిస్తే ఏది క్లచ్చో మర్చిపోతాను!"

గోడలు, గేట్లు, ఒక కొబ్బరి బొండాల బండి... అన్నీ మమ్మల్ని తృటిలో తప్పించుకున్నాయి. తర్వాత ఆవిడ ఒంటరిగా నడపసాగింది. నేను నా స్కూటరు మీద పక్కనే వెళ్ళేవాణ్ణి.

మాస్టారు మొదటి రోజే కుట్టుమిషన్ పక్కన గోడ అడుగున, సుద్దతో 18264 అని రాసి దాని కింద అడ్డగీత గీశాడు. సాయంత్రం మేం రాగానే "ఎంత?" అనేవాడు. ఆ రోజు అంకెను పైనుంచి వరసగా రాసేవాడు. నాకో ప్యాంటు కూడా కుట్టిచ్చాడు.

"లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలానయ్యా."

"నేనింకేం పెరుగుతాను మాస్టారూ?"

"పెరుగుతావో లేదో నాకనవసరం. వదలడం నా అలవాటు."

తొమ్మిది వేలు దాటిన రోజున పెద్ద వాన. పెట్రోలు బంకు కప్పు కింద ఆగాం. ఆవిడ కొంగు పిండుకుంటూ మీటరు చూసి నవ్వింది. ఆ నవ్వు ఖరీదు కట్టడం నా వల్ల కాలేదు.

"ఇక్కడే ఆయనా నేనూ పోట్లాడుకున్నాం, తొమ్మిది వేల పైచిలుకు దగ్గర. మూడు రోజులు మాటల్లేవు. చివరికి పెట్రోలు అయిపోయి ఇద్దరం తోయాల్సొచ్చింది, అప్పుడు మాట్లాడుకున్నాం."

"నేనొక మాట అడగొచ్చా?"

"వద్దు." వాన వైపు తిరిగింది. "మీరేం అడుగుతారో తెలుసు. ఆఖరి పద్నాలుగు కిలోమీటర్లు ఏమిటో మీకు తెలీదు. ఆసుపత్రికి. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఆయనే నడిపాడు. నేను వెనక కూర్చుని పట్టుకున్నాను. నాకు నడపడం వచ్చుంటే..."

మిగతాది వానలో కలిసిపోయింది.

ఆ రోజు నుంచి నా లెక్క తలకిందులైంది. ప్రతి కిలోమీటరూ ఆవిడ అంకెలో చేరుతోంది, నా మిగులులోంచి తరుగుతోంది. ఒకసారి డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాను కూడా. దాన్ని మీటరు కేబులుకి తగిలించి వెనక్కి తిప్పితే, మీటరు తగ్గుతుంది. ఓ నెల రోజులు నాకు మిగులుతాయి. మళ్ళీ సొరుగులో పడేశాను. ఆవిడతో దొంగ వ్యాపారం చేయలేను.

పదిహేను వేలు దాటాక మాస్టారు మంచం పట్టాడు. మంచం మీంచే "ఎంత?" అనేవాడు.

"పదిహేను వేల ఏడు వందల యాభై మామయ్యా."

"ఇంకా ఉందిలే," అని కళ్ళు మూసుకున్నాడు. వారం తిరక్కుండానే వెళ్ళిపోయాడు. పదిహేను రోజులు బండి తీయలేదు. పదహారో రోజు ఆవిడే ఫోన్ చేసింది. "సున్నాగారూ, రండి. ఇంట్లో ఎంత అని అడిగేవాళ్ళు లేరు. మీరైనా అడగండి."

ఆఖరి రోజు పొద్దున్నే వెళ్ళాను. బేరం బేరమే కాబట్టి, బండిని ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చడానికి ట్రాలీ మాట్లాడి పంపించాను. ఆయన పోయినప్పుడూ అలాగే వచ్చిందట.

"ఈ అంకె కింద సరిగ్గా టిక్కు పెట్టాలి. మిషన్ జరపండి," అంది ఆవిడ, సుద్ద పట్టుకుని.

జరిపాను. అడ్డగీత కింద, ఇంతకాలం మిషన్ చాటున ఉన్న చోట, వణికిన సుద్దతో ఇంకో అంకె ఉంది.

18265.

ఆ మోకాళ్ళతో అంత కిందికి ఎప్పుడు వంగాడో. ఇద్దరం చూశాం. ఆవిడ టిక్కు పెట్టకుండానే సుద్దని మిషన్ మీద పెట్టేసి కిక్ కొట్టింది.

పద్నాలుగు కిలోమీటర్లూ ఆవిడ అద్దాల్లోకి గానీ, నా వైపు గానీ చూడలేదు. ఆసుపత్రి గేటు ముందు ఆగింది. మీటర్లో నాలుగు అంకె కుదురుగా నిలబడింది. ఆవిడ హ్యాండిల్ మీద తల పెట్టుకుంది. లోపలికి స్ట్రెచర్లు వెళ్తున్నాయి, బయటికి మనుషులు వస్తున్నారు. నేను దూరంగా నిలబడ్డాను. ఆ కన్నీళ్ళలో నాకు వాటా లేదు.

చాలాసేపటికి తలెత్తింది. "ఈసారి నేనే తీసుకొచ్చాను," అంది, నాతో కాదు.

తర్వాత ట్రాలీ వైపు చూసింది. "దాన్ని పంపించేయండి."

"పంపిస్తే ఇంటికెలా?"

"మామయ్య రాసింది మీకు కనిపించలేదా? మీ కళ్ళకేం రోగం లేదని నేనే చెప్పానుగా." హెల్మెట్ పట్టీ బిగించుకుంది. "స్కూటర్ ఇక్కడే పెట్టి ఎక్కండి, సున్నాగారూ."

వెనక కూర్చున్నాను. బండి కదిలింది. ఆవిడ భుజం మీదుగా మీటరు కనిపిస్తూనే ఉంది. నాలుగు కొంచెం కొంచెంగా పైకి జారిపోతుంటే ఆవిడ భుజాలు కదిలాయి. నాలుగు వెళ్ళిపోయింది. ఐదు వచ్చి నిలబడింది.

అంతవరకే చూశాను. ఆ తర్వాత లెక్క పెట్టలేదు.