కాస్త ముందుకు జరుపుతారా

ఇంటిబండి వాళ్ళకి డీజిల్ పంపు దగ్గర మర్యాద తెలియదని మా అబ్బాయి కోల్టర్ ఎప్పుడూ సణిగేవాడు. వాడు ట్రక్కు నడిపేవాడు. మా ఆయన ఆరిన్ రిటైరయ్యాక మేమూ ఒక పాత మోటార్ హోమ్ కొన్నాం. వెనక మంచం, మధ్యలో పొయ్యి, ముందు స్టీరింగు. ఇంటిబండి అని మేం పెట్టుకున్న పేరే. దాన్ని కొన్న రోజే మా వాడు నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి క్లాసు పీకాడు.

"అమ్మా, ట్రక్కుల లైనంటే ఇంకొకళ్ళ వంటిల్లనుకో. నీ బండి పొడుగని జాలిపడి రానిస్తారు. రా, పని చూసుకో. కానీ పొయ్యెక్కి కూర్చోకు."

పొయ్యెక్కి కూర్చోవడమంటే, ట్యాంకు నిండాక కూడా బండిని పంపు దగ్గరే వదిలేసి కాఫీకీ బాత్రూముకీ పోవడం. కార్లవాళ్ళు అలాగే చేస్తారు, వాళ్ళ పంపుల దగ్గర చెల్లుతుంది. ట్రక్కుల లైనులో మాత్రం ట్యాంకు నిండగానే బండి పొడవంత ముందుకు జరిపి, నేలమీద పసుపు గీత దగ్గర ఆపుకుని, ఆ తర్వాతే లోపలికి వెళ్ళాలి. అప్పుడు వెనక బండి పంపు దగ్గరికి వస్తుంది. ట్రక్కు వాళ్ళు రోజుకి ఇన్ని గంటలే నడపాలని చట్టం. లైనులో కరిగే ప్రతి నిమిషం వాళ్ళ గంటల్లోంచి పోయేదే. అయినా వెనకవాడు హారన్ కొట్టడు. మహా అయితే దిగొచ్చి మెల్లగా అడుగుతాడు. మా వాణ్ణి నేను పెంచిన తీరుకి వాడు అదీ అడగడానికి మొహమాటపడేవాడు.

పోయిన చలికాలం, ఎల్క్ మౌంటెన్ కొండకి అవతలున్న జూనిపర్ ట్రక్ స్టాప్‌లో వాడికి ఆ మొహమాటమే అడ్డొచ్చింది. మంచుగాలి మొదలైంది. లైన్లన్నీ నిండిపోయాయి. మూడో లైనులో వాడి ముందు ఒక ఇంటిబండి పంపు దగ్గరే నిలబడి ఉంది, ఆ మనిషి లోపల భోంచేస్తున్నాడు. కోల్టర్ చాలాసేపు చూశాడు. రాత్రి భోజనానికి ఇంటికొస్తానని నాకు మాటిచ్చాడు, ఇంకాసేపట్లో హైవే మూసేస్తారని రేడియోలో చెబుతున్నారు. ఉన్న డీజిల్‌తో ఇల్లు చేరొచ్చనుకుని లైనులోంచి తప్పుకుని వెళ్ళిపోయాడు. కొండ మీద ఇంజను ఆగిపోయింది. ఇంజనుతో పాటు హీటరూ ఆగింది.

మర్నాడు రోడ్డు పక్క కంచె దగ్గర దొరికాడు. కోటు లేదు. చలి మరీ ముదిరితే ఒళ్ళు మండుతున్నట్టనిపించి మనిషే బట్టలు విప్పేసుకుంటాడని డాక్టరు చెప్పాడు. ఆ ఇంటిబండి ఆయన ఎవరో మాకు తెలియదు. ఆయనకీ ఏమీ తెలియదు. మంచివాడే అయుంటాడు. ఆ పూట తిన్న భోజనం గురించి ఇంటికెళ్ళి నలుగురికీ చెప్పుకుని కూడా ఉంటాడు.

ఈ ఏడు మంచు మొదలయ్యాక, జూనిపర్‌లో గల్లా దగ్గర కూర్చునే ట్వైలా నాకు ఫోన్ చేసింది. చెప్పాలా వద్దా అని చాలాసేపు నసిగింది. మూడో లైనులో ఆగిన ఇంటిబండి వాళ్ళు లోపలికొచ్చి తనని చీవాట్లు పెడుతున్నారట. బయట మీ కుర్రాడెవరో బండి ముందుకు జరపమని అడిగాడు, పాపం ఒంటి మీద కోటైనా లేదు, వేడిగా ఏమన్నా ఇవ్వకూడదా అని. ట్వైలా దగ్గర అలాంటి కుర్రాడు ఎవడూ లేడు. బయటికెళ్ళి చూస్తే వాళ్ళ బండి వెనక లైను ఖాళీగా ఉంటోందట. మంచు పడే రోజునే, అదీ పంపు దగ్గర కదలకుండా కూర్చున్న ఇంటిబండి వాళ్ళకే కనిపిస్తున్నాడట.

ఆరిన్‌కి చెప్పాను. ఆయన పోయినవాణ్ణి పోనివ్వమని మెల్లగా అని, విరగని కుర్చీ ఏదో బాగుచేయడానికి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద కోపమొచ్చింది. నాకు వాణ్ణి చూడాలని ఉంది. ఒక్కసారి వాడు నన్ను గుర్తుపట్టి అమ్మా అంటే చాలు. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

పెద్ద మంచు పడుతుందని చెప్పిన రోజు పొద్దున్నే నేనొక్కదాన్నే ఇంటిబండి తీశాను. నేను జూనిపర్ చేరేసరికి హైవే మూసేశారు. రోడ్డుకి అడ్డంగా ఇనపగేటు దించారు. ట్రక్కులన్నీ వెనక మైదానంలో వరసగా ఆగి, కర్టెన్లు వేసుకుని పడుకున్నాయి. పంపుల దగ్గర ఒక్క బండీ లేదు. నేను మూడో లైనులోకి వెళ్ళి ట్యాంకు నింపి, మళ్ళీ సీటెక్కి కూర్చున్నాను. ముందుకు జరపలేదు. నా వెనక బతికున్న మనిషెవడూ ఇబ్బందిపడడని చూసుకునే ఆ పని చేశాను.

మధ్యాహ్నమే చీకటి పడినట్టయింది. గాలి మంచుని నేలమీద ఈడ్చుకుపోతోంది. పైకప్పు రేకు ఒకటి ఊడొచ్చి కొట్టుకుంటోంది. కాసేపు కొట్టుకోవడం, కాసేపు ఆగడం. డీజిల్ వాసన నా చేతులకి అంటుకుని ఉంది. హీటరు వేసుకుని చేతులు కాచుకున్నాను. ట్వైలా అద్దంలోంచి నాకేసి చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

రేకు చప్పుడు ఆగింది. గాలీ ఆగింది. కాళ్ళ కింద నేల సన్నగా అదరడం మొదలైంది. పెద్ద ఇంజను అదురు అది. పక్క అద్దంలో చూశాను. వెనక రెండు మసక దీపాలు. ఆకుపచ్చ ముందుభాగం, ఎడమవైపు జింక తగిలి సొట్టపోయిన బంపరు. ఆ సొట్ట బాగుచేయించమని ఎన్నిసార్లు పోరానో.

తలుపు తీసిన చప్పుడు... మంచులో అడుగులు... మెల్లగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా నడిచే అడుగులు. నా పక్క కిటికీ మీద చిన్నగా తట్టాడు.

"మేడమ్, మీ పనైపోతే కాస్త ముందుకు జరుపుతారా? తొందరేం లేదు, మీ వీలు చూసుకునే."

కోటు తొడుక్కునే ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు టోపీ తియ్యమని నేర్పింది నేనే. జుట్టులో మంచు గడ్డకట్టి ఉంది. అంత చలిలో మాట్లాడుతున్నాడు... నోట్లోంచి ఆవిరి రావడం లేదు.

పేరు పెట్టి పిలుద్దామనుకున్నాను. నాలుక కదల్లేదు. అద్దం దించుదామని చెయ్యి చాపాను, చెయ్యి సగంలోనే ఆగిపోయింది. నా కడుపున పుట్టినవాడు. ఏడాదిగా వాడి చొక్కా తలగడ కింద పెట్టుకుని పడుకున్నదాన్ని. వాణ్ణి చూసి భయపడ్డాను. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుందో నాకు తెలియదు.

వాడు తల వంచి, వెనక్కి వెళ్ళిపోయాడు. నేను కదల్లేదు. నేను కదిలితే వాడు డీజిల్ పట్టుకుని వెళ్ళిపోతాడు. ఇక్కడే కూర్చుంటే మళ్ళీ వస్తాడు. ఈసారి అద్దం దించుతాను, మొహం చూపిస్తాను అని నాకు నేను ధైర్యం చెప్పుకున్నాను.

మళ్ళీ వచ్చాడు. కోటు గుండీలు విప్పి ఉన్నాయి.

"మేడమ్... ఏమనుకోకండి. రోడ్డు మూసేస్తారు. మా అమ్మ భోజనానికి ఎదురుచూస్తుంటుంది."

ఒళ్ళంతా వణుకుతున్నాడు. మాటలు పళ్ళ మధ్య ముక్కలవుతున్నాయి. నేను ఏడుస్తున్నాను, చేతులు మాత్రం లేవలేదు. కిటికీ అద్దం లోపలి వైపు, నా వైపు, తెల్లగా మంచు పాకుతోంది. అడుగులు వెనక్కి వెళ్ళాయి.

ఈసారి వచ్చేసరికి వణుకు లేదు. కోటు లేదు. చొక్కా సగం విప్పి ఉంది. కిటికీ తట్టడానికి చెయ్యెత్తాడు, ఆ చెయ్యి అద్దం దాకా రాలేదు. పెదాలు కదిలాయి. ముందుకు... అన్నాడేమో. మాట వినపడలేదు.

అప్పుడు నాకు తెలిసింది. వాడు నా వెనకే మళ్ళీ చచ్చిపోతున్నాడు. ఆ రోజు ఆ భోజనం చేసినాయన చేసిందే ఇప్పుడు నేను చేస్తున్నాను. ఆయన తెలియక చేశాడు. నేను అన్నీ తెలిసి, వాణ్ణి ఇంకాసేపు చూసుకోవాలని చేస్తున్నాను.

గేరు వేశాను. నా కళ్ళకి దారి కూడా కనపడలేదు. పసుపు గీత దాకా బండి జరిపి ఆపాను.

వెనక ట్రక్కు పంపు దగ్గరికి వచ్చి ఆగింది. గొట్టం తీసిన చప్పుడు, ట్యాంకు మూత తిప్పిన చప్పుడు. చాలాసేపటికి ట్రక్కు కదిలి నా పక్కనుంచి వెళ్తూ, ముందు దీపాలు ఆర్పి వెలిగించింది. ట్రక్కు వాళ్ళు థాంక్స్ చెప్పేది అలాగే. మా ఊరి వైపు రోడ్డెక్కింది. ఇనపగేటు దించే ఉంది. ట్రక్కు మాత్రం ఎక్కడా ఆగలేదు.

బండి లోపల మంచం మీద ముడుచుకుని కూర్చున్నాను. పోనీలే, ఈసారైనా ఇల్లు చేరతాడు అనుకున్నాను. చేరితే ఇంట్లో నేనుండను కదా అని నాకు తట్టేలోపే ఫోన్ మోగింది. ఆరిన్.

"మార్లిస్..." గుసగుసగా అన్నాడు. "ఎవరో తలుపు తట్టారు. తీశాను."

"ఆరిన్, ఎవరది?"

గిన్నెకి చెంచా తగిలిన చప్పుడు వినపడింది. మెల్లగా, మళ్ళీ మళ్ళీ.

"తింటున్నాడు," అన్నాడు. "నిన్నటి పులుసు. వెచ్చబెడతానంటే వద్దన్నాడు. రాగానే అమ్మేదీ అని అడిగాడు."

"ఫోన్ వాడికివ్వు. నీకు దణ్ణం పెడతాను, వాడికివ్వు."

"కుదరదు. వాడి చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఎంత చల్లగా ఉందో, మార్లిస్. కాస్త వెచ్చబడుతుందేమోనని..."

లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

మర్నాడు గేటు ఎత్తగానే బయల్దేరాను. ఇంటికెళ్ళేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. హీటరు మండుతూనే ఉంది. వంటింట్లో బల్ల దగ్గర ఆరిన్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదుటి గిన్నెలో పులుసు గట్టిగా గడ్డకట్టింది, చెంచా అందులో నిలబడి ఉంది. ఆరిన్ కుడి చెయ్యి బల్ల మీద చాపి ఉంది. మణికట్టు దాకా తెల్లగా, చెక్కలా.

"నీకోసం చూశాడు," అన్నాడు. "ఇంకా రాలేదేమని అడుగుతూనే ఉన్నాడు. నేనే సర్దిచెప్పాను, వస్తుందిలే అని."

నేను అక్కడే కూలబడ్డాను. అంత దూరం వెళ్ళి కూర్చుంటే నన్ను మేడమ్ అన్నాడు. ఇంటికొచ్చి అమ్మేదీ అన్నాడు. ఆరిన్ నాకంటే పిరికివాడని ఇన్నేళ్ళూ ఆటపట్టించాను. ఆయన తలుపు తీసి, చెయ్యి పట్టుకుని, తిండి పెట్టాడు.

ఆసుపత్రిలో ఆ చేతి వేళ్ళు తీసేశారు. గ్లవ్స్ లేకుండా బయట ఎంతసేపున్నారని డాక్టరు గుచ్చి గుచ్చి అడిగాడు. వంటింట్లోనే ఉన్నానని ఆరిన్ చెబితే నమ్మలేదు. కట్టు కట్టిన నర్సు నన్ను పక్కకి పిలిచి, ఆయన చెయ్యి ఎవరు పట్టుకున్నారని అడిగింది. చేతి వెనక వైపు వేళ్ళ అచ్చులున్నాయట, ఎముక దాకా దిగి.

ఆ తర్వాత ఇంకో రెండు మూడు పెద్ద మంచులు పడ్డాయి. ఇప్పుడు మూడో లైనులో ఎవరినీ ఎవరూ ఏమీ అడగడం లేదని ట్వైలా చెప్పింది. నేను రెండుసార్లు వెళ్ళి కూర్చున్నాను, అద్దం దించి, మొహం మీద దీపం పడేలా. ఎవరూ రాలేదు.

నిన్న మళ్ళీ మంచు మొదలైంది. ఆరిన్ లేచి వీధి తలుపు గడియ తీశాడు. గిన్నెలో పులుసు పోసి ఎదుటి కుర్చీ ముందు పెట్టి, తను ఇవతల కూర్చుని, ఎడమ చెయ్యి బల్ల మీద చాపాడు. వేళ్ళు మిగిలిన ఒక్క చెయ్యి. వద్దని చెబుదామని వెళ్ళాను. ఎదుటి కుర్చీలో ఎవరూ లేరు. కానీ ఆయన చేతి వెనక... నేను చూస్తుండగానే... నాలుగు తెల్లటి గీతలు మెల్లగా తేలుతున్నాయి.

"అమ్మ ఇక్కడే ఉందిరా," అన్నాడు ఆరిన్ ఖాళీ కుర్చీతో.

నేను పక్కన కూర్చుని, నా చెయ్యి కూడా బల్ల మీద పెట్టాను.