మిషను చెప్పిన తొంభై అయిదు

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట లేచేది తల్లి. లేచీ లేవగానే మొహం కడుక్కోదు, పొయ్యి వెలిగించదు. వంటింటి గడప మీద నిలబడి, ఇంట్లో ఎవరెవరు ఊపిరి తీస్తున్నారో చెవి ఒగ్గి వింటుంది. రెండేళ్ళ కిందట భర్త పోయినప్పటి నుంచీ ఆవిడకిదే అలవాటు. ఉన్నదే ఒక గది, ఒక వంటిల్లు, మధ్యలో గుడ్డ తెర. వినడానికి పెద్ద కష్టమేమీ లేదు. కూతురి ఊపిరి ఒకటి, మరిది ఊపిరి ఒకటి. రెండూ వినబడ్డాకే పాలగిన్నె చేతిలోకి తీసుకుంటుంది. ఒక్కోసారి మూడోది కూడా వినిపిస్తుంది. అప్పుడు మాత్రం ఎవరికీ చెప్పకుండా కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు అలాగే నిలబడిపోతుంది.

ఆ రోజు మరిది ఊపిరి తెర ఇవతలికి కూడా గట్టిగా వినబడింది. నాలుగు రోజుల జ్వరం, ఆయాసం లేకుండా ఎలా ఉంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుని పాలు పొయ్యి మీద పెట్టింది.

రెండేళ్ళ కిందట ఊరిని ఊపేసిన ఊపిరి జబ్బు మళ్ళీ వచ్చింది. మొదటిసారి అంత కాదని పెద్దవాళ్ళు అంటున్నారు. పెద్దవాళ్ళకేం, అంటారు. రోడ్డవతలి ఎత్తు భవంతుల్లో వాళ్ళు తలుపులు బిగించుకుని కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఈ సందులో నలభై ఇళ్ళకి రెండు కుళాయిలు. మగవాళ్ళలో సగం మంది రోడ్లు వేసేవాళ్ళు, తారు ఇంట్లో కూర్చుని పోయడం ఎవరికీ చేతకాదు కదా. మొదటి విడతలో ఆ భవంతుల్లో ఇద్దరు పోతే ఈ సందులో పధ్నాలుగు మంది పోయారు. జబ్బుకి ఉన్నవాడూ లేనివాడూ ఒకటేనని టీవీలో చెప్పిన ఆయన ఈ సందు మొహం ఎప్పుడూ చూసి ఉండడు.

అప్పుడు వేలికి తగిలిస్తే ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే మిషను సందు మొత్తానికీ ఒక్కటే ఉండేది. దాన్ని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది ఈ ఇంటి కూతురే. అప్పటికి ఆ పిల్లకి పంతొమ్మిదేళ్ళు. అందరూ "మీటరమ్మాయి" అని పిలిచేవాళ్ళు. తొంభై నాలుగు కంటే దిగితే ఆస్పత్రి, దిగకపోతే ఇల్లు. అదీ లెక్క. ఇప్పుడు పెద్దాస్పత్రిలో నర్సు శిక్షణలో ఉంది.

డ్యూటీకి తయారై వచ్చి, బాబాయి వేలికి మిషను తగిలించింది.

"ఎంత?" అంది తల్లి వంటింట్లోంచే.

"తొంభై అయిదు."

"హమ్మయ్య. టీ తాగించి పడుకోబెడతాను, నువ్వెళ్ళు. బస్సు పోతుంది."

కూతురు కదల్లేదు. మిషను పక్కన పెట్టి, చేతి గడియారం చూస్తూ బాబాయి ఛాతీ వంక చూసింది. ఒక్క నిమిషంలో ముప్పై నాలుగు సార్లు లేచి పడింది ఆ ఛాతీ. మామూలు మనిషికి ఇరవై దాటదు. మనిషి కదలకుండా పడుకుని ఉన్నాడు, ఊపిరి మాత్రం పరుగెడుతోంది.

"బాబాయ్, లే. చొక్కా వేసుకో. ఆస్పత్రికి పోదాం."

తల్లి గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "ఎక్కడికీ పోవడం లేదు. తొంభై అయిదని నువ్వే చెప్పావుగా."

"చెప్పాను. కానీ ఊపిరి చూడు ఎలా తీస్తున్నాడో."

"జ్వరమొచ్చినవాడు అలాగే తీస్తాడు. అప్పుడు ఈ సందులోంచి అంబులెన్సెక్కిన వాళ్ళలో తిరిగొచ్చింది ఎంతమంది? వేళ్ళ మీద లెక్కపెట్టు. నేను కాపురానికొచ్చేనాటికి వీడు నిక్కరేసుకుని తిరిగేవాడు. కన్నకొడుకులా పెంచాను. మిషను బాగానే ఉందంటుంటే, తీసుకెళ్ళి ఆ రోగాల మధ్య పడేస్తానంటావేమిటి?"

"ఆ మిషను అబద్ధం చెబుతోందమ్మా."

"మిషనుకి అబద్ధమాడాల్సిన ఖర్మేం పట్టింది?"

కూతురు గోడకి చేరబడింది. ఈ మాట ఏదో ఒక రోజు నోట్లోంచి వస్తుందని దానికి తెలుసు. మూడు నెలలుగా దాచుకుంటూ వచ్చింది. అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా ఈ మాటే మనసులో తిరుగుతోంది.

"అది వేల్లోకి వెలుగు పంపించి చూస్తుంది. తెల్లటి ఒళ్ళయితే చాలావరకు సరిగ్గానే చెబుతుంది. మనలాంటి నల్లటి ఒళ్ళయితే ఒక్కోసారి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. లోపల గాలి అయిపోతున్నా పైకి బాగానే ఉందంటుంది. మాకు క్లాసులో చెప్పారు."

"ఎప్పుడు చెప్పారు?"

"మూడు నెలలైంది."

పొయ్యి మీద పాలు పొంగి మంట చుయ్యిమంది. తల్లి అటు తిరిగి కూడా చూడలేదు.

"మీ నాన్నకి ఎంత చూపించింది?" అంది చివరికి, చాలా నెమ్మదిగా.

"తొంభై ఆరు."

ఆ అంకె ఇద్దరికీ తెలుసు. రెండేళ్ళుగా ఏ ఇంటి గుమ్మం మీద చూసినా, ఏ బస్సు మీద చూసినా కూతురు మొహం తిప్పుకునేది. ఆ రోజు మిషను తీస్తూ, "ఏం ఫర్వాలేదు నాన్నా, రాజాలా ఉన్నావు" అని తనే నవ్వింది. ఆయన గుమ్మంలోకి వెళ్ళి పక్కింటాయనతో, "మా అమ్మాయి చూసింది, ఇంక తిరుగులేదు" అని గొప్పగా చెప్పుకున్నాడు. అది పొద్దున తొమ్మిదింటికి. మధ్యాహ్నం మూడింటికల్లా మనిషి లేడు.

"నేనే చంపుకున్నానమ్మా నాన్నని. భవంతుల్లో వాళ్ళు నంబరుతో పని లేకుండా డాక్టర్ని ఇంటికే పిలిపించుకున్నారు. నేను మాత్రం ఆ అంకె చూసి ఇంట్లో పడుకోబెట్టాను."

"నోర్ముయ్" అంది తల్లి. గరిటె కింద పడేసి నేల మీద కూలబడింది. "నీకు తెలియదు. నువ్వు కుళాయి దగ్గరున్నావు. పన్నెండింటికి నన్ను పిలిచి, గాలి అందట్లేదే అన్నాడు. నేనేమన్నానో తెలుసా? పిల్ల చూసింది కదా, తొంభై ఆరుందిట, ఊరికే హైరానా పడి నన్ను హైరానా పెట్టకు అన్నాను. విసుక్కున్నాను. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ నోరు విప్పలేదు. నన్ను ఇంకోసారి పిలవడానికి మొహమాటపడ్డాడే మనిషి."

కూతురు కింద పడ్డ గరిటె తీసి, తల్లి పక్కన కూర్చుంది. పొద్దున్నే గడప మీద నిలబడి ఈవిడ ఏం వింటుందో దానికి అప్పుడు అర్థమైంది.

మంచం మీంచి బాబాయి చెయ్యెత్తాడు. "మీరిద్దరూ... తేల్చుకునే... లోపు... నేను... పోయేట్టున్నాను వదినా."

నవ్వించాలనే అన్నాడు. ఎప్పుడూ అంతే, చావింటికెళ్ళినా ఒక జోకు వేసి వచ్చే మనిషి. కానీ ఆ చిన్న మాటకి నాలుగుచోట్ల ఆగాడు. తల్లి చూసింది. ఏడుస్తున్నదల్లా లేచి, మొహం తుడుచుకుని, "వాడి చొక్కా అందుకో. నేను ఆటో చూస్తాను" అంది.

ఆస్పత్రి గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చున్న పెద్ద సిస్టరు, బాబాయి వేలికి మిషను తగిలించి చీటీ రాసింది. "తొంభై అయిదు. మంచాల్లేవు. ఇంటికెళ్ళి మాత్రలు వాడండి. తరవాతెవరు?"

"మేడమ్, మణికట్టు దగ్గర రక్తం తీసి చూస్తే ఆక్సిజన్ అసలెంతో తెలుస్తుంది" అంది కూతురు. "నిమిషానికి ముప్పై నాలుగు ఊపిర్లు తీస్తున్నారు. ఈ రంగుకి మిషను ఎక్కువ చూపిస్తుందని క్లాసులో..."

"ట్రైనీవి కదూ? నాకు పాఠం చెప్పేంతదానివి అయ్యావన్నమాట. వెనక అరవై మంది ఉన్నారు చూశావా? అందరికీ రక్తం తియ్యమంటావా?"

కూతురు ఒక అడుగు వెనక్కి వేసింది. సిస్టరు కూడా రెండు రోజులుగా ఇంటికెళ్ళలేదని కళ్ళే చెబుతున్నాయి. మరో పక్క ఉద్యోగం రాకముందే పోతుందేమోనన్న భయం. అప్పుడు తల్లి ముందుకొచ్చింది. బల్ల మీద రెండు చేతులూ ఆనించింది.

"అమ్మా, మీతో నేను వాదించలేను. ఒక్కటి చెయ్యండి. వీడి చేత మా ఇంటి అడ్రసు ఆగకుండా చెప్పించండి. చెప్తే ఈ చీటీ పట్టుకుని నోరెత్తకుండా వెళ్ళిపోతాను."

సిస్టరు విసుగ్గా బాబాయి వంక చూసి, "ఊఁ, చెప్పు" అంది.

బాబాయి మొదలుపెట్టాడు. ఇంటి నంబరు దగ్గరే ఆగాడు. సందు పేరు సగంలో ఆగింది. మళ్ళీ నంబరు నుంచి మొదలుపెట్టాడు. నవ్వబోయి బల్ల అంచు పట్టుకున్నాడు. పుట్టి పెరిగిన ఇంటి అడ్రసు చెప్పలేక మనిషి చెమటలు పట్టి నిలబడ్డాడు. సిస్టరు కలం కింద పెట్టింది. ఇంకేమీ అనకుండా లేచి లోపలికి కేకేసింది.

రక్తం తీసి చూస్తే ఎనభై ఆరు వచ్చింది.

ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి ఊపిరి కాస్త నెమ్మదించింది. సమయానికే తెచ్చారని డాక్టరన్నాడు. ఆ మాట విన్నాకే తల్లి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది.

"తొంభై అయిదంటే ఎనభై ఆరు" అంది. "మరి మీ నాన్నకి ఎంతుండేదే?"

కూతురు తల్లి ఒళ్ళో మొహం దాచుకుంది. పసిపిల్లలా ఏడ్చింది. తల్లి దాని వీపు రాసింది.

"నాన్న నన్ను నమ్మాడమ్మా."

"నమ్మాడు. నిన్నూ నమ్మాడు, నన్నూ నమ్మాడు. మనమేమో ఆ అంకెని నమ్మాం. పంతొమ్మిదేళ్ళ పిల్ల చేతిలో మిషను పెట్టి సందంతా తిప్పినవాళ్ళు, దీనికి మన ఒళ్ళు అర్థం కాదని ఒక్క ముక్క చెప్పలేదు. నువ్వు చంపలేదే. ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఊరుకోను." దాని జుట్టు వెనక్కి తోస్తూ, "నేనూ చంపలేదేమో" అంది. ఆ మాట అడుగుతున్నట్టే ఉంది.

"లేదమ్మా" అంది కూతురు. "లేదు."

అంతలో బల్ల దగ్గర్నుంచి ఒకాయన చీటీ పట్టుకుని బయటికి నడుస్తున్నాడు. సిమెంటు అంటిన లుంగీ, ఎండలో మాడిన ఒళ్ళు. వెనకాల భార్య సంచీ మోసుకుంటూ, "నేను చెప్పలా? తొంభై అయిదుందిట. లేనిపోని భయం మీకు. పదండి" అంటోంది. ఆయన నాలుగడుగులు వేసి స్తంభం పట్టుకుని ఆగాడు. భార్య విసుక్కుంది.

తల్లి గబుక్కున లేచింది. పరుగులాంటి నడకతో వెళ్ళి ఆయన భార్య చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళకమ్మా" అంది. "విసుక్కోకు. నేను విసుక్కున్నాను, నాకు తెలుసు. ఆయన్ని కూర్చోబెట్టు." ఆమె బిత్తరపోయి చూస్తుంటే, వెనక్కి తిరిగి వరండా అంతా వినబడేలా కూతుర్ని పిలిచింది.

"ఇటు రా అమ్మా. ఈయన్ని నువ్వు చూడు."